అమార్టైజేషన్: అప్పును, ఖర్చును కాలం మీద పంచే లెక్క

ఒక పెద్ద మొత్తాన్ని కాలం మీద పంచి, వాయిదాకు ఇంత చొప్పున తగ్గించుకుంటూ చివరికి సున్నా చేసే పద్ధతి అమార్టైజేషన్. ఈ మాటకు రెండు వాడుకలున్నాయి. బ్యాంకులో ఇది అప్పు తీరే క్రమం: ప్రతి వాయిదాలో వడ్డీ కింద ఎంత పోయింది, అసలుకు ఎంత చెల్లింది, ఇంకా ఎంత మిగిలింది అన్న లెక్క. ఆడిటరు దగ్గర ఇది ఖర్చు రాసే పద్ధతి: లైసెన్సు, పేటెంటు, సాఫ్ట్‌వేర్, టోలు వసూలు హక్కు లాంటి కంటికి కనిపించని ఆస్తికి పెట్టిన డబ్బును, అది పనికొచ్చే ఏళ్ళ మీద పంచి ఏటా కొంత ఖర్చుగా చూపడం.

ఈ మాట మూలం లాటిన్. చావు అనే అర్థమున్న ధాతువు ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పును కొద్దికొద్దిగా చంపడమని దాని భావం. మార్ట్‌గేజ్ అనే మాటలో ఉన్నదీ అదే ధాతువు. తెలుగులో మనం అప్పును చంపం, తీరుస్తాం. బాకీ చెల్లుతుంది, రుణం తీరుతుంది. వాణిజ్య పుస్తకాల్లో రుణ విమోచన అన్న మాట కనిపిస్తుంది కానీ అది అప్పుకే సరిపోతుంది, లైసెన్సు ఖర్చును పంచడానికి సరిపోదు. అందుకే ఈ వ్యాసంలో అమార్టైజేషన్ అనే వాడుతున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా సాదలి చుట్టుపక్కల నుంచి తీసుకున్నాను. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా శిడ్లఘట్ట తాలూకాలో ఉంది సాదలి. పైన బాగేపల్లి, పక్కన చింతామణి. 2007లో కోలారు నుంచి విడదీసిన జిల్లా ఇది. ఇక్కడి పల్లెల్లో ఇంట్లో మాట తెలుగు, తాలూకా ఆఫీసులో కన్నడం, బ్యాంకు కాగితాల్లో చాలాసార్లు ఇంగ్లీషు. మూడు భాషల మధ్య అప్పు తీసుకునే మనిషికి అన్నిటికంటే ముందు అర్థం కావలసింది తన వాయిదా ఎటు పోతోందన్నది.

షెడ్డు అప్పు

శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరున్న ఊరు. చుట్టుపక్కల మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు. పురుగు పొదిగిన దగ్గర్నుంచి గూడు కట్టేదాకా సుమారు నాలుగు వారాలు. ఏడాదిలో ఐదారు పంటలు తీసే రైతు చేతికి డబ్బు నెలనెలా కాకపోయినా తరచుగానే వస్తుంది.

ఒక రైతు కొత్త షెడ్డు కోసం 5,00,000 రూపాయల అప్పు తీసుకున్నాడనుకుందాం. వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే నెలకు నూటికి రూపాయి. గడువు ఐదేళ్ళు, అరవై నెలసరి వాయిదాలు. వాయిదా 11,122 రూపాయలు. మొదటి నెల ఐదు లక్షల మీద వడ్డీ 5,000. మిగిలిన 6,122 అసలుకు చెల్లుతుంది, బాకీ 4,93,878కి దిగుతుంది. రెండో నెల వడ్డీ ఆ తగ్గిన బాకీ మీదే పడుతుంది కనుక 4,939 రూపాయలు, అసలుకు 6,183. ప్రతి నెలా వడ్డీ కొంచెం తగ్గుతుంది, తగ్గినంత మేర అసలుకు ఎక్కువ పడుతుంది. అరవయ్యో వాయిదాలో వడ్డీ 110 రూపాయలే. కట్టేది మాత్రం మొదటి నెలా 11,122, చివరి నెలా 11,122. బయటికి ఒకేలా కనిపించే వాయిదా లోపల నెలనెలా మారుతుంది. అమార్టైజేషన్ పట్టిక చూపేది ఆ లోపలి మార్పునే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సగం గడువు గడిచినంత మాత్రాన సగం అప్పు తీరదు. ఈ రైతు ముప్ఫై నెలలు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా ఇంకా సుమారు 2,87,000 బాకీ ఉంటాడు, అంటే అసలులో 57 శాతం. మొదటి వాయిదాల్లో వడ్డీ భాగం ఎక్కువ కావడమే కారణం. "రెండున్నరేళ్ళు కట్టాను, ఇంకా ఇంతా?" అని బ్యాంకు మెట్ల మీద నిలబడి అడిగే రైతును ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. పట్టిక మాత్రం ఆయనకు ఎవరూ చూపించలేదు.

ఇదే సూత్రం రెండో వైపు నుంచి మేలు చేస్తుంది. మొదటి ఏడాది చివర, గూళ్ళకు మంచి ధర పలికినప్పుడు, ఆ రైతు 50,000 రూపాయలు అదనంగా అసలుకు కట్టి వాయిదా మార్చకుండా ఉంచితే, మిగిలిన నలభై ఎనిమిది నెలల అప్పు నలభై ఒక్క నెలల్లో తీరిపోతుంది. ఆదా అయ్యే వడ్డీ సుమారు 28,000 రూపాయలు. అదే యాభై వేలు చివరి ఏడాదిలో కడితే ఆదా అయ్యేది చాలా తక్కువ. ముందు కట్టిన రూపాయికి విలువ ఎక్కువ. వ్యక్తులు సొంత అవసరానికి మారే వడ్డీ మీద తీసుకున్న అప్పుల్ని ముందుగా తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. స్థిర వడ్డీ అప్పుకు షరతులు వేరుగా ఉండొచ్చు, సంతకానికి ముందే చూసుకోవాలి.

వాయిదా ఎలా వస్తుంది? నెల వడ్డీని అసలుతో గుణించాలి. అది పై సంఖ్య. ఒకటికి నెల వడ్డీ కలిపి, దాన్ని దానితోనే ఎన్ని నెలలో అన్ని సార్లు గుణించి, ఆ ఫలితంతో ఒకటిని భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయాలి. అది కింది సంఖ్య. పై దాన్ని కింది దానితో భాగిస్తే వాయిదా. చేత్తో చేయడం కష్టమే కానీ ఫోనులో లెక్క క్షణం పని.

ఫ్లాట్ వడ్డీ

అదే ఐదు లక్షలు, అదే పన్నెండు శాతం, అదే ఐదేళ్ళు. కానీ అప్పిచ్చినవాడు ఫ్లాట్ అన్నాడు. అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం ఐదేళ్ళూ మొదటి ఐదు లక్షల మీదే లెక్క. ఏటా 60,000 చొప్పున వడ్డీ 3,00,000. మొత్తం ఎనిమిది లక్షలను అరవైతో భాగిస్తే నెలకు 13,333. తగ్గే బాకీ పద్ధతిలో వడ్డీ మొత్తం 1,67,000 దాకా, ఫ్లాట్ పద్ధతిలో మూడు లక్షలు. ఈ 13,333 వాయిదాను తిరిగి తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే నిజమైన వడ్డీ ఏడాదికి 20 శాతం దాటుతుంది. పన్నెండు అన్న అంకె అబద్ధం కాదు, కానీ అది చూపించేది నిజం కూడా కాదు. బండి కొనేటప్పుడు, టీవీ వాయిదాల మీద తెచ్చుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న వడ్డీ ఎంతని కాదు, ఏ బాకీ మీద వడ్డీ అని.

సంఘాల్లో అప్పు తీసుకునే ఆడవాళ్ళకు వాయిదాల భారం ప్రాణాంతకమైన సందర్భాలు తెలుగు నేల చూసింది. వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక కూడా బలవంతపు వసూళ్ళను అడ్డుకునే ఆర్డినెన్సు తెచ్చింది. ఈ మధ్యలో, 2022లో, కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించి అప్పుల వాయిదాలు ఉండకూడదని మైక్రోఫైనాన్స్ అప్పులకు రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. వారం వారం కట్టే చిన్న వాయిదా తేలికగా కనిపిస్తుంది. నాలుగు సంఘాల వాయిదాలు ఒకే వారంలో పడినప్పుడు ఆ తేలిక మిగలదు.

పంటకు తగ్గ వాయిదా

నెలసరి వాయిదా నెలజీతం వచ్చేవాడికి తగిన పద్ధతి. పట్టురైతుకు అది కొంతవరకు సరిపోతుంది. చింతామణి వైపు మామిడి తోట ఉన్నవాడికి, బాగేపల్లి వైపు వానల మీద ఆధారపడి వేరుశనగ వేసేవాడికి సరిపోదు. వాళ్ళకు డబ్బొచ్చేది ఏడాదికి ఒకటి రెండు సార్లే. అందుకే బావి, పైపులైను, తోట లాంటి దీర్ఘకాల అప్పులకు పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో వాయిదా పెడతారు.

ఇలాంటి అప్పుకు ఇక్కడి జనం చెప్పే పేరు పీఎల్‌డీ బ్యాంకు, అంటే భూమి హామీ మీద దీర్ఘకాల అప్పులిచ్చే సహకార బ్యాంకు. కాగితం మీద పేరు ఎప్పుడో మారింది, నోటి మీద మారలేదు. మైసూరు సంస్థానంలో భూతనఖా సహకార కేంద్ర బ్యాంకు 1929లో మొదలైంది, మద్రాసులో కూడా అదే ఏడాది. అంతకుముందు 1920లో పంజాబులోని ఝంగ్‌లో దేశంలో మొదటి భూతనఖా బ్యాంకు పెట్టారు. వీటి వెనుక యూరపు ఉంది. ప్రష్యాలో 1770 ప్రాంతంలో భూస్వాముల రుణ సంఘాలు భూమి హామీ మీద బాండ్లు అమ్మి దీర్ఘకాల అప్పులివ్వడం మొదలుపెట్టాయి. ఫ్రాన్సులో క్రెడి ఫాన్సియే 1852లో వచ్చింది. వ్యవసాయ బ్యాంకులు పెట్టే వీలును పరిశీలించమని మద్రాసు ప్రభుత్వం పంపిన ఫ్రెడరిక్ నికల్సన్ ఈ యూరపు అనుభవాలను 1890లలో తన నివేదికలో రాశాడు.

ఒక లెక్క. 3,00,000 అప్పు, 10 శాతం వడ్డీ, ఐదు వార్షిక వాయిదాలు. అసలు ఏటా సమానంగా 60,000 కడితే, మొదటి ఏడు వడ్డీ 30,000, తర్వాత 24,000, 18,000, 12,000, 6,000. వాయిదా 90,000 నుంచి 66,000కు దిగుతుంది, మొత్తం వడ్డీ 90,000. సమాన వాయిదా కావాలంటే ఏటా 79,139 కట్టాలి, మొత్తం వడ్డీ 95,696. మొదటి పద్ధతిలో వడ్డీ తక్కువే కానీ భారం మొదటి ఏళ్ళ మీద ఎక్కువ పడుతుంది. మామిడి మొక్క మొదటి ఏళ్ళలో కాపు ఇవ్వదు. అందుకే తోటల అప్పుకు ముందు కొన్నేళ్ళు అసలు అడగని గడువు ఇస్తారు. ఆ గడువులో వడ్డీ నడుస్తూనే ఉంటుందని రైతుకు గుర్తుండాలి. 2020లో కరోనా కాలంలో మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చన్నప్పుడు దేశమంతా ఇదే పాఠం నేర్చుకుంది. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు.

భోగ్యం: మన పాత పద్ధతి

బ్యాంకులు రాకముందు ఈ నేల మీద అప్పు తీరే క్రమం లేదా? ఉంది, దాని పేరు భోగ్యం. అప్పు తీసుకున్నవాడు భూమిని అప్పిచ్చినవాడి స్వాధీనం చేస్తాడు. ఆయన పండించుకుంటాడు. చట్టం దీన్ని స్వాధీన తనఖా అంటుంది. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షన్ ఇందులో మూడు రకాలకు చోటిచ్చింది: ఫలసాయం వడ్డీ కింద పోవచ్చు, అసలు కింద పోవచ్చు, కొంత వడ్డీకి కొంత అసలుకు పోవచ్చు.

ఈ మూడింటి మధ్య తేడా ఒక కుటుంబం తలరాతను మార్చేది. రెండు లక్షల అప్పు, భూమి మీద ఖర్చులు పోను ఏటా 50,000 మిగులు, 12 శాతం వడ్డీ అనుకుందాం. ఫలసాయాన్ని వడ్డీకీ అసలుకూ కలిపి జమ కడితే, మొదటి ఏడు 24,000 వడ్డీ, 26,000 అసలు. రెండో ఏడు బాకీ 1,74,000, వడ్డీ 20,880, అసలుకు 29,120. ఇలా ఆరో ఏడాదిలో అప్పు పూర్తిగా తీరి భూమి తిరిగి రావాలి. బ్యాంకు పట్టికకు దీనికి తేడా లేదు, రూపాయల బదులు రాగులు, వేరుశనగ. కానీ పత్రంలో ఫలసాయం వడ్డీకి చెల్లు అని ఒక్క మాట రాస్తే, ఏటా 50,000 పోయినా అసలు రెండు లక్షలు అలాగే నిలిచి ఉంటుంది. పదేళ్ళయినా, ముప్ఫై ఏళ్ళయినా. అప్పు తీర్చే లెక్క లేని అప్పు అదే. తాత సంతకం చేసిన ఆ ఒక్క మాట వల్ల మనవడి కాలానికి కూడా భూమి పరాయి చేతిలో ఉండిపోయేది.

ఫలసాయంతో తనఖా సొమ్ము తీరిపోతే భూమి తిరిగి తీసుకునే హక్కును అదే చట్టం 62వ సెక్షన్ ఇస్తుంది. గడువు ముప్ఫై ఏళ్ళు దాటినంత మాత్రాన స్వాధీన తనఖా పెట్టిన రైతు విడిపించుకునే హక్కు పోదని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో తేల్చింది. నా దృష్టిలో ఈ విషయంలో రైతుకు అనుకూలంగా వచ్చిన ముఖ్యమైన తీర్పు అది.

బెంగళూరు చుట్టుపక్కల ఇళ్ళకు ఇప్పుడు నడిచే భోగ్యం వేరు. పెద్ద మొత్తం ఇచ్చి అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకుంటారు. అక్కడ అసలు తగ్గదు కనుక అమార్టైజేషన్ లేదు.

ఇంటి అప్పు, పెరిగే బాకీ

ఇరవై ఏళ్ళు నెలనెలా కట్టి తీర్చే ఇంటి అప్పు పాతది కాదు. అమెరికాలో 1930ల ముందు ఇంటి అప్పులు చాలావరకు మూడు నుంచి ఐదేళ్ళకే ఇచ్చేవారు. వడ్డీ కడుతూ పోయి చివర్లో అసలంతా ఒక్కసారి కట్టాలి. ఆర్థిక మాంద్యంలో ఆ చివరి మొత్తం కట్టలేక లక్షల ఇళ్ళు వేలానికి పోయాయి. 1933, 1934లలో అక్కడి ప్రభుత్వం పెట్టిన సంస్థలు అసలు, వడ్డీ కలిపి నెలనెలా తీరే అప్పును మామూలు పద్ధతిగా మార్చాయి.

మన దగ్గర ఇంటి అప్పు ఎక్కువగా మారే వడ్డీ మీద ఉంటుంది. 25 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్ళు అయితే వాయిదా 21,696. మొదటి నెల అందులో వడ్డీ 17,708, అసలుకు పడేది 3,988. మొదట్లోనే వడ్డీ 10.5 శాతానికి పెరిగి వాయిదా పాతదే ఉంచారనుకోండి. 25 లక్షల మీద నెల వడ్డీయే 21,875. వాయిదా వడ్డీకే చాలదు. నెలనెలా కడుతున్నా బాకీ పెరుగుతూ పోతుంది. దీన్ని నెగెటివ్ అమార్టైజేషన్ అంటారు. ఇది ఊహ మాత్రమే కాదు: 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా అన్నది అప్పు తీసుకున్నవాడే ఎంచుకునేలా చేయాలని, గడువు పొడిగింపు నెగెటివ్ అమార్టైజేషన్‌కు దారితీయకూడదని బ్యాంకులకు చెప్పింది.

ఖాతా పుస్తకంలో

ఇక రెండో వాడుక. మామిడి తోటను ఐదేళ్ళకు గుత్తకు తీసుకుని 5,00,000 ముందే కట్టిన వ్యాపారి ఉన్నాడనుకోండి. మొదటి ఏడాది ఖర్చుగా ఐదు లక్షలు రాస్తే ఆ ఏడు పెద్ద నష్టం, మిగిలిన నాలుగేళ్ళు ఉత్తుత్తి లాభం కనిపిస్తాయి. ఏటా లక్ష చొప్పున రాస్తే ఏ ఏటి కాయకు ఆ ఏటి ఖర్చు తగులుతుంది. హక్కును వాడుకున్నంత మేర ఖర్చు చూపడమే ఇక్కడి ఉద్దేశం.

యంత్రం, షెడ్డు, మోటారు అరిగిపోవడాన్ని తరుగుదల అంటారు. గని నుంచి ఖనిజం తరిగిపోవడాన్ని ఎంత తవ్వితే అంత అన్న లెక్కన రాస్తారు. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారు గనులు ఈ రకానికి దగ్గర ఉదాహరణ. అమార్టైజేషన్ అన్న మాట కనిపించని ఆస్తులకు. మల్బరీ తోట ఎటు? ఏళ్ళ తరబడి ఆకునిచ్చే మొక్క కనుక, కంపెనీలు పాటించే కొత్త అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం ఇలాంటి మొక్కలు యంత్రాల వరసలోకి వస్తాయి, వాటికి తరుగుదలే. భూమికి మామూలుగా రెండూ లేవు, అది అరగదు.

బాగేపల్లి దగ్గర 44వ జాతీయ రహదారి మీద టోలు కట్టే ప్రతి లారీ డ్రైవరూ ఈ లెక్కలో భాగస్తుడే. టోలు రోడ్డు కట్టి నడిపే కంపెనీకి రోడ్డు సొంతం కాదు, రోడ్డు ప్రభుత్వానిది. కంపెనీకి ఉన్నది కొన్నేళ్ళు వసూలు చేసుకునే హక్కు. ఆ హక్కు కనిపించని ఆస్తి. మొదటి ఏళ్ళలో బండ్లు తక్కువ, తర్వాత ఎక్కువ కనుక, ఆ ఏడు వచ్చిన ఆదాయం మొత్తం అంచనా ఆదాయంలో ఎంత భాగమో అంత భాగం ఖర్చు రాసుకునే వీలును 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఇచ్చింది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద ముప్ఫై ఏళ్ళ టోలు హక్కును 2023లో ఐఆర్‌బీ సంస్థ 7,380 కోట్లకు తీసుకుంది. సమానంగా పంచితే ఏడాదికి 246 కోట్లు. వాహనాల రాకపోకల అంచనా మీద పంచితే ఏ ఏటి అంకె ఆ ఏటిదే.

ఎన్నేళ్ళకు పంచాలి? పాత ప్రమాణం ఏఎస్ 26 పదేళ్ళకు మించి ఆయుష్షు ఉంటుందని అనుకోవద్దంటుంది, గట్టి ఆధారం ఉంటే తప్ప. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 38 ప్రకారం ఆయుష్షు తేలని ఆస్తిని పంచరు, ఏటా దాని విలువ నిలిచిందా లేదా అని పరీక్షిస్తారు. ఆ పరీక్షలో తేడా వస్తే దెబ్బ ఒక్కసారే పడుతుంది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీ బేటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. ఆ దేశం మందుల కొనుగోలు పద్ధతి మార్చాక ధరలు పడిపోయి, 2008-09 లెక్కల్లో ఆ ఆస్తుల విలువను భారీగా తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది. మెల్లగా పంచుకునే ఖర్చుకూ, కూలిపోయిన విలువకూ ఉన్న తేడా అది.

పన్నుల లెక్క కొంచెం వేరు. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టినప్పుడు రిజిస్ట్రేషను, పత్రాల లాంటి ప్రాథమిక ఖర్చుల్ని అకౌంటింగ్ ప్రమాణం ఆ ఏడే రాసేయమంటుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 35డి సెక్షన్ మాత్రం పరిమితులకు లోబడి ఐదేళ్ళలో ఐదో వంతు చొప్పున తగ్గించుకోమంది. 2025 కొత్త చట్టంతో సెక్షన్ల అంకెలు మారాయి.

చేతికి వచ్చే కాగితం

2024 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఇచ్చే అప్పులకు సంతకానికి ముందే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అన్ని రుసుములూ కలిపిన నిజమైన వార్షిక వడ్డీ అందులో ఉండాలి. ఆ పత్రంలో లేని రుసుము తర్వాత ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. ఏడు రోజులు లేదా అంతకు మించిన గడువున్న అప్పయితే ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఇవ్వాలి. వాయిదా వాయిదాకు అసలెంత, వడ్డీ ఎంత చూపే అమార్టైజేషన్ పట్టిక దానితో పాటు ఇవ్వాలి. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

సాదలిలో ఆ భాష చాలామందికి తెలుగు. బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఆ పట్టికను తెలుగులో అడగండి. మొదటి వరసలో మీ వాయిదాలో అసలుకు ఎంత పడుతోందో చూసుకున్నాకే సంతకం పెట్టండి.